పొలము నుండి నదికి: కొలరాడో నది ఉప్పు చరిత్ర

వర్షపు నీటిలో లవణము దాదాపు లేదు. అదే నీరు కొండపై పడి, రాళ్ళను తడిపి, మట్టిలో ఇంకి, వాగై పారునప్పటికి కొంత సున్నమును, కొంత మెగ్నీషియమును, కొంత సోడియమును కరగించుకొనును. కనుక మంచినీటి నది అనగా ఉప్పు లేని నది అని అర్థము కాదు. ఉప్పు తక్కువగా ఉన్న నది అనియే అర్థము. ఆ తక్కువ ఎంతకాలము తక్కువగా నిలుచునన్నది ఆ నది ఒడ్డున మానవుడు చేయు సేద్యముపై చాలవరకు ఆధారపడియుండును.

ఈ సంగతిని రెండు దేశములు కలహించి నేర్చుకొనవలసివచ్చినది. ఆ కలహమునకు కారణమైన నది ఉత్తర అమెరికాలోని కొలరాడో. పైన ఉన్న రైతు తన పొలమునకు పెట్టిన అధిక జలము, క్రింద ఉన్న రైతు పొలమును చౌడుగా మార్చెను. దానికి విరుగుడు వెదకుటలో కోట్ల డాలర్ల యంత్రములు నిర్మింపబడినవి. కాని మిక్కిలి మేలు చేసినది మాత్రము పొలములో నీరు పెట్టు పద్ధతిని దిద్దుకొనుటయే. ఆ చరిత్ర మన విద్యార్థులు తెలిసికొనదగినది.

నీరు, మొక్క, ఉప్పు

సేద్యము వలన నదిలో ఉప్పు రెండు విధములుగా హెచ్చును. ఈ రెండింటి భేదమును ముందుగా గ్రహించినచో తక్కిన కథ సులభముగా బోధపడును.

మొదటిది చిక్కబడుట. మొక్క వేళ్ళు నేలలోని నీటిని పీల్చుకొనునప్పుడు అందులోని లవణములలో ఎక్కువ భాగమును నేలలోనే విడిచిపెట్టును. ఆకుల నుండి గాలిలో కలియునది కేవలము శుద్ధజలము. ఒక లీటరు నీటిలో 500 మిల్లీగ్రాముల ఉప్పు కలదనుకొందము. మొక్క అందులో ముప్పాతిక వంతును త్రాగినచో, మిగిలిన పావు లీటరులో ఆ 500 మిల్లీగ్రాములును నిలిచియుండును. అనగా ఆ మిగులు నీటిలో లీటరుకు 2,000 మిల్లీగ్రాముల ఉప్పు ఉన్నదన్నమాట. ఉప్పు మొత్తము పెరుగలేదు. నీరు మాత్రమే తరిగినది.

రెండవది కరగించుట. మొక్కకు అక్కరలేని నీరు వేళ్ళను దాటి లోతునకు దిగిపోవును. ఆ లోతున ఉప్పు నిండిన రాయి ఉన్నచో, నీరు దానిని కరగించుకొని, ఊటగా నడచి, పల్లమున నదిలో కలియును. ఇక్కడ లక్షల సంవత్సరములుగా భూమిలో నిద్రించుచున్న ఉప్పు క్రొత్తగా నదికి చేరుచున్నది. నదిలోని ఉప్పు మొత్తమే పెరుగుచున్నది.

ఈ మిగులు నీటికి పోవు దారి లేనప్పుడు భూజల మట్టము పైకి లేచును. నేల జాలువారి, తడి ఆరినకొలది ఉప్పు పైకి తేలి తెల్లని పొరగా కట్టును. తెలుగు రైతు దీనిని చౌడు అనును. ఉత్తర హిందూస్థానపు రైతు రేహ్ అనును. అమెరికా రైతు ఆల్కలీ అనును. ఉత్తర హిందూస్థానములో పెద్ద కాలువల క్రింద రేహ్ వ్యాపించుటను విచారించుటకు 1870ల దశకములోనే ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నేలల శాస్త్రజ్ఞుడైన యూజీన్ హిల్గార్డు ఆ హిందూదేశపు అనుభవమును ఉదాహరించి, మురుగు సౌకర్యము లేని కాలువ సేద్యము వలన ఇట్టి ఆపద తమ దేశమునకును రాగలదని 1880ల దశకములో హెచ్చరించెను. ఆ హెచ్చరికను విన్నవారు తక్కువ.

మాంకోస్ రాతిపై పొలములు

కొలరాడో నది రాకీ పర్వతములలో పుట్టి, సుమారు 1,450 మైళ్ళు ప్రవహించి, మెక్సికో దేశమున కాలిఫోర్నియా సింధుశాఖ వైపు సాగును. అమెరికాలోని ఏడు రాష్ట్రములు, మెక్సికోలోని రెండు రాష్ట్రములు దాని నీటిని పంచుకొనుచున్నవి. నేడు సుమారు 4 కోట్ల జనులకు, 50 లక్షలకు పైగా ఎకరములకు ఆ నీరే ఆధారము. పుట్టుక వద్ద దాని నీటిలో లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల లవణము మాత్రమే ఉండును. 1972లో అమెరికా సరిహద్దునకు సమీపమున గల ఇంపీరియల్ ఆనకట్ట వద్ద అది 879 మిల్లీగ్రాములు. దారిలో ఏటా లక్షలకొలది టన్నుల ఉప్పు నదిలో చేరుచుండెను.

ఈ ఉప్పు ఎక్కడిది? 1971లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ వేసిన లెక్క ప్రకారము నది లవణీయతలో దాదాపు సగము, అనగా నూటికి 47 వంతులు, ఉప్పు ఊటలు, కొండచరియలు మొదలగు సహజ కారణముల వలన కలుగుచున్నది. నూటికి 37 వంతులు సేద్యము వలనను, 12 వంతులు జలాశయములలో నీరు ఆవిరియగుట వలనను, మిగిలినది పట్టణములు, పరిశ్రమల వలనను కలుగుచున్నది. సహజమైన సగమును మానవుడు ఆపుట కష్టము. సేద్యపు వంతు మాత్రము అతని చేతిలోనిది.

ఆ సేద్యపు వంతునకు మిక్కిలి ప్రసిద్ధమైన స్థానము కొలరాడో రాష్ట్రములోని గ్రాండ్ వ్యాలీ. గన్నిసన్ నది కొలరాడోలో కలియుచోట ఈ లోయ ఉన్నది. 1881లో యూట్ జాతివారిని ఆ ప్రాంతము నుండి వెడలగొట్టిన పిమ్మట వలసదారులు అచ్చట దిగి కాలువలు త్రవ్వనారంభించిరి. పిదప కేంద్ర ప్రభుత్వము 55 మైళ్ళ హైలైన్ కాలువను నిర్మించెను. 1915లో నీరు వదలబడినది. ఎడారివంటి ఆ లోయలో ఆపిల్, పీచు తోటలు, లూసర్ను గడ్డి, మొక్కజొన్న పొలములు లేచినవి.

ఆ నేల క్రింద ఉన్నది మాంకోస్ షేలు అను రాయి. పొరలు పొరలుగా విడిపోవు ఈ బంకమట్టి రాయి, సుమారు 8, 9 కోట్ల సంవత్సరముల క్రిందట అచ్చట సముద్రము నిలిచియున్నప్పుడు దాని అడుగున పేరుకొన్న ఒండ్రు. సముద్రము పోయినది, దాని ఉప్పు, జిప్సము ఆ రాతిలో మిగిలినవి. ఏటికి 8, 9 అంగుళముల వాన మాత్రమే కురియు ఆ లోయలో ఆ ఉప్పు కదలుటకు నీరు చాలదు. కాలువలు ఆ నీటిని తెచ్చినవి.

కాలువలు మట్టివి, వాటి అడుగు నుండి నీరు కారిపోయెడిది. పిల్లకాలువలును అట్టివే. పొలములో పొడుగాటి చాళ్ళలో నీరు వదలి, పన్నెండు గంటలో, ఇరువదినాలుగు గంటలో అట్లే విడిచిపెట్టెడివారు. చాలు తుదివరకు నీరు చేరునప్పటికి మొదటిభాగమున నీరు వేళ్ళకు చాల క్రిందకు దిగిపోయెడిది. ఇందు రైతు తప్పేమియు లేదు. నీరు పుష్కలముగా ఉన్నది. దాని ధర తక్కువ. వంతు వచ్చినప్పుడు వాడుకొనుటయే వివేకముగా తోచెడిది. కొద్దికాలమునకే పల్లపు ప్రాంతములలో తోటల క్రిందికి ఊట వచ్చి, చౌడు కట్టి, చెట్లు చచ్చినవి. రైతులు మురుగుకాలువలు త్రవ్వి ఆ నీటిని నదిలోనికి దింపిరి. పొలము కొంత బాగుపడినది, ఉప్పు నదిపాలయ్యెను.

తరువాతి కాలపు లెక్కల ప్రకారము ఈ ఒక్క లోయ నుండియే ఏటా సుమారు 5,80,000 టన్నుల ఉప్పు నదిలో చేరుచుండెను. లోయలో సాగగు భూమి అరువది, డెబ్బది వేల ఎకరములే. అనగా ఎకరమునకు ఎనిమిది, తొమ్మిది టన్నుల ఉప్పు! పంట కన్న ఉప్పే ఎక్కువగా పండినట్లయినది.

సంధిపత్రములో లేని మాట

1922లో అమెరికాలోని ఏడు రాష్ట్రములు నదీజలమును పంచుకొనుటకు ఒడంబడిక చేసికొన్నవి. 1944లో అమెరికా, మెక్సికోలు సంధి చేసికొని, మెక్సికోకు ఏటా 15 లక్షల ఎకరపు అడుగుల నీరు ఇచ్చునట్లు నిర్ణయించినవి. ఎకరపు అడుగనగా ఒక ఎకరములో ఒక అడుగు లోతున నిలుచు నీరు. సుమారు 1,233 ఘనమీటర్లు. ఎంత నీరు ఇవ్వవలెనో సంధిలో స్పష్టముగా ఉన్నది. ఎట్టి నీరు ఇవ్వవలెనో ఎచ్చటను స్పష్టముగా వ్రాయలేదు.

ఆ లోపము పదునేడు సంవత్సరములకు బయటపడినది. ఆరిజోనా రాష్ట్రములో గీలా నదీతీరమున వెల్టన్-మొహాక్ అను సేద్యప్రాంతము కలదు. అచ్చటి రైతులు మొదట బావుల నీటిని తోడి పంటలు పండించెడివారు. తోడిన నీరే పొలములోనుండి ఇంకి మరల బావిలో చేరుచు, తిరిగి తిరిగి చిక్కబడి, మిక్కిలి ఉప్పు నీరయ్యెను. 1952లో వారికి కొలరాడో నది నీరు కాలువద్వారా లభించినది. క్రొత్త నీరు ధారాళముగా పెట్టుటతో భూజల మట్టము లేచి వేళ్ళను తాకనారంభించినది. పంటను రక్షించుకొనుటకు మురుగు బావులు త్రవ్వి, ఆ పాత ఉప్పునీటిని యంత్రములతో తోడి, 1961లో ఒక కాలువ ద్వారా నదిలోనికి వదలిరి. ఆ మురుగు నీటిలో లీటరుకు సుమారు 6,000 మిల్లీగ్రాముల ఉప్పు ఉండెను. అది నదిలో కలిసిన చోటు మెక్సికోవారి మొరేలోస్ ఆనకట్టకు ఎగువ!

అదే సమయమున నదిలో మిగులు ప్రవాహము కూడ తగ్గినది. అంతకుముందు సంధి ప్రకారము ఇవ్వవలసినదానికంటె చాల ఎక్కువ నీరు మెక్సికోకు పారుచుండుటచే ఉప్పు పలుచబడెడిది. 1961లో ఆ అవకాశము లేకపోయెను. మెక్సికోకు చేరు నీటిలో ఉప్పు లీటరుకు 800 మిల్లీగ్రాముల నుండి దాదాపు 1,500 మిల్లీగ్రాములకు ఎగబ్రాకినది.

ఈ అంకెల అర్థమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. లీటరుకు 800 మిల్లీగ్రాములనగా ఘనమీటరుకు 800 గ్రాములు. ఒక ఎకరపు అడుగు నీటిలో సుమారు ఒక టన్ను ఉప్పు. ఎడారి ఎండలో ప్రత్తిపంటకు ఎకరమునకు నాలుగు ఎకరపు అడుగుల నీరు పెట్టినచో, ఏటా 4 టన్నుల ఉప్పు ఆ ఎకరములో దిగును. నీటిలో ఉప్పు 1,500 మిల్లీగ్రాములైనచో అది 7 టన్నులు దాటును. మెక్సికోలోని మెక్సికాలీ లోయలో దాదాపు 5 లక్షల ఎకరముల సాగుభూమి ఈ నీటినే నమ్ముకొని ఉన్నది. ప్రత్తి అచ్చటి ముఖ్యమైన పంట. రైతులు ఏమి అనుభవించియుందురో ఊహింపవచ్చును. 1961 నవంబరులో మెక్సికో ప్రభుత్వము అధికారికముగా ఆక్షేపణ తెలిపెను. మెక్సికాలీ రైతులు అమెరికా కాన్సలేటు ఎదుట గుమిగూడి తమ గోడు వినిపించిరి.

అమెరికా వాదము: సంధిలో నీటి పరిమాణమే ఉన్నది, మేము పరిమాణము ఇచ్చుచున్నాము. మెక్సికో వాదము: పంటకు పనికిరాని నీటిని నీరని లెక్కించుట ఎట్లు? మాట అటుంచి, చౌడు మాత్రము ఏటికేడు పెరుగుచుండెను.

పండ్రెండేండ్ల చర్చ

1962లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ మెక్సికో నగరమునకు వెళ్ళినప్పుడు, ఆయనయు మెక్సికో అధ్యక్షుడు లోపెజ్ మతేయోసును సమస్యకు శాశ్వత పరిష్కారము కనుగొనవలెనని ప్రకటించిరి. 1965లో తాత్కాలికపు ఒప్పందమొకటి కుదిరి, మురుగు కాలువను మొరేలోస్ ఆనకట్టకు దిగువవరకు పొడిగించిరి. నీరు కొంత మెరుగయ్యెను, కాని సమస్య తీరలేదు. 1972 జూనులో మెక్సికో అధ్యక్షుడు లూయిస్ ఎచెవెర్రియా అమెరికా కాంగ్రెసు ఉభయసభల ఎదుట మాట్లాడుచు ఈ అన్యాయమును ప్రస్తావించెను. అధ్యక్షుడు నిక్సన్ ఈ పనికి మాజీ అటార్నీ జనరల్ హెర్బర్ట్ బ్రౌనెల్‌ను ప్రత్యేక ప్రతినిధిగా నియమించెను.

1973 ఆగస్టు 30న రెండు దేశములు ఒప్పందముపై సంతకములు చేసినవి. దానిని 242వ మినిట్ అందురు. మొరేలోస్ ఆనకట్టకు ఎగువన మెక్సికోకు అందు నీటిలోని ఉప్పు, ఇంపీరియల్ ఆనకట్ట వద్ద ఉన్నదానికంటె సంవత్సరపు సగటున లీటరుకు 115 మిల్లీగ్రాములు మాత్రమే ఎక్కువ ఉండవచ్చును. 30 మిల్లీగ్రాములు అటునిటు కావచ్చును. ఈ విధముగా రెండు దేశముల సంధిలో నీటి పరిమాణము ప్రక్కన నీటి గుణము కూడ చోటుచేసికొన్నది.

ఈ మాటను నిలుపుకొనుటకు 1974 జూన్ 24న అమెరికా కాంగ్రెసు కొలరాడో నదీ లవణ నియంత్రణ చట్టమును చేసినది. చట్టములో రెండు భాగములు కలవు. మొదటిది సరిహద్దు వద్ద మెక్సికో నీటిని బాగుచేయుటకు; రెండవది ఎగువ ప్రాంతములలో ఉప్పు నదిలో చేరకుండ ఆపుటకు. మరుసటి సంవత్సరము నదిపై మూడుచోట్ల హద్దులు ఏర్పరచిరి: హూవర్ ఆనకట్ట దిగువ 723, పార్కర్ ఆనకట్ట దిగువ 747, ఇంపీరియల్ ఆనకట్ట వద్ద 879 మిల్లీగ్రాములు.

యంత్రమా, పొలమా?

మొదటి భాగములో ముఖ్యమైనది ఆరిజోనాలో యూమా వద్ద కట్టదలచిన ఉప్పునీటి శుద్ధి కర్మాగారము. మురుగునీటిని అధికమైన ఒత్తిడితో పలుచని పొరలగుండ త్రోయుదురు. నీరు పొరను దాటును, ఉప్పు వెనుక నిలుచును. మంచినీటిని నదికి చేర్చి, మిగిలిన చిక్కని ఉప్పునీటిని వేరు కాలువలో సముద్రము వైపు పంపవలెనని సంకల్పము. ఆ మురుగుకాలువ 1977లో పూర్తి అయినది. కర్మాగారము మాత్రము దాదాపు 25 కోట్ల డాలర్ల వ్యయముతో 1992లో గాని పూర్తి కాలేదు. అదియు కొన్ని నెలలు, తన శక్తిలో మూడవ వంతున పనిచేసినది. 1993లో గీలా నది వరదలు కాలువను దెబ్బతీయుటతో నిలిచిపోయినది. మరల 2010-11లో పరీక్షార్థము ఒక సంవత్సరము నడిచినది.

ఇట్టిదే మరియొక యంత్రప్రయత్నము కొలరాడో రాష్ట్రపు పారడాక్స్ లోయలో జరిగెను. అచ్చట భూమిలోని ఉప్పు గుట్ట నుండి డొలోరెస్ నదిలోనికి ఊరు ఉప్పునీటిని బావులతో ముందే తోడి, దాదాపు 3 మైళ్ళ లోతున భూమిలోనికి ఎక్కించిరి. ఏటా దాదాపు లక్ష టన్నుల ఉప్పు నదికి చేరకుండ ఆగినది. కాని లోతున ఒత్తిడి పెరిగి చిన్న భూకంపములు కలిగెను. 2019 మార్చిలో 4.5 పరిమాణము గల కంపము వచ్చిన పిమ్మట ఆ పనిని ఆపవలసివచ్చినది.

యంత్రములు కట్టుచుండగనే కొందరు శాస్త్రజ్ఞులు వేరొక ప్రశ్న వేసిరి: ఉప్పునీటిని శుద్ధిచేయుటకంటె, ఉప్పునీరు పుట్టకుండ చేయరాదా? మురుగునీరు ఎక్కువగుటకు కారణము పొలమునకు అవసరమునకు మించి నీరు పెట్టుటయే కదా?

వెల్టన్-మొహాక్‌లో దీనికి జవాబు దొరికినది. అచ్చట సుమారు 10,000 ఎకరములను సాగునుండి తప్పించిరి. మిగిలిన పొలములను లేజరు కిరణము సహాయముతో బల్లవలె చదును చేసిరి. పొలము మధ్య నిలిపిన పరికరము నుండి కిరణము చుట్టును ఒకే ఎత్తున తిరుగుచుండును. ట్రాక్టరు వెనుక కట్టిన పలుగు ఆ కిరణమును బట్టి తానే పైకి క్రిందికి కదలుచు మిట్టను చెక్కి పల్లమును పూడ్చును. ఇట్లు చదునైన మడిలోనికి నీటిని ఒక్కసారిగా వేగముగా వదలినచో, కొద్ది సేపటిలోనే అంతట సమానముగా పరచుకొనును. మిట్ట తడియుట కొరకు పల్లమున అధికముగా నీరు నిలుపవలసిన పని తప్పినది. తోడవలసిన మురుగునీరు చాల తగ్గెను.

గ్రాండ్ వ్యాలీలోని పని మరింత ఓపికతో కూడినది. కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన గేలార్డ్ స్కోగర్‌బో, విన్ వాకర్ మొదలగువారు 1970ల దశకములో ఆ లోయలో కాలువల ఊటను, పొలముల ఇంకుడును కొలిచి, ఉప్పు ఎచ్చటినుండి ఎంత వచ్చుచున్నదో తేల్చిరి. పిమ్మట కాలువలకు కాంక్రీటు తాపడము చేసిరి. పిల్లకాలువలను గొట్టములలో పెట్టిరి. చాళ్ళకు తూములు గల గొట్టముల ద్వారా నీరు వదలనారంభించిరి.

1979లో ఉటా రాష్ట్ర విశ్వవిద్యాలయమున గ్లెన్ స్ట్రింగమ్, జాక్ కెల్లర్ అనువారు ఒక చిత్రమైన పద్ధతిని ప్రకటించిరి. చాలులో నీటిని ఏకధారగా వదలక, కొంతసేపు వదలి, కొంతసేపు ఆపి, మరల వదలుదురు. మొదటిసారి తడిసిన మట్టి ఆరునప్పుడు పైన మెత్తని పొర కట్టి రంధ్రములు మూసికొనును. రెండవసారి వచ్చిన నీరు ఆ పొరపై ఇంకక, జారుచు వేగముగా ముందుకు పోవును. చాలు మొదట, తుదను నీరు దాదాపు సమానముగా ఇంకును. ఒక కవాటము నీటిని కుడిచాళ్ళకు కొంతసేపు, ఎడమచాళ్ళకు కొంతసేపు తిప్పుచుండును. గ్రాండ్ వ్యాలీ రైతులు దీనిని ఆదరించిరి.

ఇక్కడ న్యాయప్రశ్న ఒకటి కలదు. ఎగువ రైతు తన పొలమును బాగుచేసికొన్నచో లాభము ప్రధానముగా వందల మైళ్ళ దిగువనున్నవారికి. అట్టి ఖర్చును ఆ రైతు ఎందులకు భరింపవలెను? 1984లో చట్టమును సవరించి, పొలములలోని మార్పులకు అగు వ్యయములో ఎక్కువ భాగమును ప్రభుత్వము భరించునట్లు ఏర్పాటు చేసిరి. రైతుపై నిర్బంధము లేదు, ఇష్టపడినవారే చేరవచ్చును. నీరు పెట్టు శ్రమ తగ్గుట, ఎరువు కొట్టుకొనిపోకుండుట చూచి పలువురు చేరిరి.

ఎంత నీరు చాలును?

అట్లయిన, మొక్క త్రాగునంత నీరే పెట్టి, ఒక్క చుక్కయు లోతునకు దిగకుండ చేయరాదా? అని విద్యార్థి అడుగవచ్చును. చేయరాదు. నీటితో వచ్చిన ఉప్పు వేళ్ళ చుట్టును పేరుకొని కొద్ది సంవత్సరములలో పంటను చంపును. ఆ ఉప్పును వేళ్ళకు దిగువకు కడుగుటకు కొంత నీరు తప్పదు. అమెరికాలో రివర్‌సైడ్ పట్టణమున 1937లో స్థాపింపబడిన లవణ పరిశోధనాలయము ఈ అవసరమును లెక్కకట్టు సూత్రములను 1954లో ఒక గ్రంథముగా ప్రకటించెను. లోకమంతట చౌడునేలల శాస్త్రజ్ఞులకు అది చేతిపుస్తకమైనది.

ఆ పరిశోధనాలయమునకే అధ్యక్షుడైన యాన్ వాన్ షిల్ఫ్‌గార్డే, ఆయన సహచరులు 1974లో ఇంకొక అడుగు ముందుకు వేసిరి. కడుగు నీటిని మునుపు అనుకొన్నదానికంటె చాల తగ్గించినను అనేకములైన పంటలకు హాని లేదనిరి. పైగా నీరు తక్కువగా దిగినప్పుడు నేలలోని ద్రావణము చిక్కబడును. అప్పుడు సున్నపురాయి, జిప్సము వంటివి మరల గట్టిపడి, నేలలోనే నిలిచిపోవును. వాటి వలన మొక్కకు అంత బాధ లేదు. అనగా మురుగునీరు తక్కువైనచో, దాని చిక్కదనము హెచ్చినను, అందులో నదికి చేరు ఉప్పు మొత్తము తగ్గును.

విద్యార్థి గుర్తుంచుకొనవలసిన విషయమిది. మురుగుకాలువలో నీరు మునుపటికంటె ఉప్పగా ఉన్నదని చూచి పని చెడినదని తలచరాదు. లీటరులో ఎంత ఉప్పు ఉన్నదను దానిని, ఎన్ని లీటర్లు పారినవను దానితో గుణించినగాని నిజము తెలియదు. మాంకోస్ షేలు వంటి రాయి ఉన్నచోట నీరు ఎక్కువ పారినకొలది ఉప్పు ఎక్కువ కరగును. నీటిని ఆపుటయే ఉప్పును ఆపుట.

ఫలితములు, చిక్కులు

ఈ పనులన్నిటి వలన ఏటా సుమారు 13 లక్షల టన్నుల ఉప్పు నదిలో చేరకుండ ఆగుచున్నదని అమెరికా ప్రభుత్వ సేద్యశాఖ లెక్క. 1974 తరువాత మూడు స్థానములలోను సంవత్సరపు సగటు ఉప్పు హద్దును దాటలేదు. అయినను పని ముగియలేదు. దిగువ రాష్ట్రములలో పంటనష్టము, గొట్టములు చెడుట మొదలగువాటి రూపమున ఉప్పు వలన ఏటా కోట్లకొలది డాలర్ల నష్టము కలుగుచునే ఉన్నది. 2000 నుండి వచ్చిన దీర్ఘమైన కరవు వలన నది సన్నగిల్లినది. నీరు తగ్గినకొలది పలుచబరచు శక్తియు తగ్గును.

మరియొక చిక్కు ఎవరును ఊహింపనిది. 1977లో కట్టిన మురుగుకాలువ ద్వారా వెల్టన్-మొహాక్ ఉప్పునీరు మెక్సికోలోని సోనోరా ఎడారిలో ఎండిన పల్లమునకు చేరెను. కర్మాగారము పనిచేయకపోవుటచే ఆ నీరంతయు అచ్చటనే నిలిచి, సుమారు 40,000 ఎకరముల చిత్తడినేల ఏర్పడినది. దాని పేరు సాంతా క్లారా. జమ్ము దట్టముగా పెరిగినది. వలస పక్షులు దిగినవి. మరెచ్చటను అరుదైన యూమా రైలు అను నీటికోడికి అదే ముఖ్యమైన నివాసమైనది. 1993లో మెక్సికో ప్రభుత్వము దానిని రక్షిత జీవావరణ మండలములో చేర్చెను. మురుగునీరు తగ్గించుట నదికి మేలు. ఈ చిత్తడినేలకు కీడు. 2010లో కర్మాగారమును పరీక్షార్థము నడుపునప్పుడు రెండు ప్రభుత్వములు, కొన్ని స్వచ్ఛంద సంఘములు కలిసి ఆ చిత్తడినేలకు వేరుగా నీరు సమకూర్చవలసివచ్చెను. ఒకరి వ్యర్థము మరియొకరికి జీవనమైన పిమ్మట దానిని ఆపువారు ఆలోచించియే ఆపవలెను.

పొదుపు చేసిన నీటి గతి కూడ చూడవలసియున్నది. మిగిలిన నీటిని అదే రాతిపై క్రొత్త పొలములకు మళ్ళించినచో, ఆ పొలములక్రింద మరల ఉప్పు కరగును. పొదుపు ఫలించుటకు ఆ నీరు నదిలో మిగులవలెను.

కొలరాడో కథలో రైతు విలన్ కాడు. గ్రాండ్ వ్యాలీ రైతు తన చాలులో నీరు పారించినప్పుడు మెక్సికాలీ రైతు పేరైనను ఎరుగడు. వారిద్దరిని కలిపినది కంటికి కనబడని ఊట. ఆ ఊటను కొలుచుట శాస్త్రము నేర్పినది. కొలిచిన పిమ్మట దానికి తగిన ఒప్పందమును చేసికొనుటకు పండ్రెండేండ్లు పట్టినది. పొలములలో అమలు జరుపుటకు అర్ధశతాబ్ది పట్టినది. కాలువ త్రవ్వునాడే మురుగు పోవు దారిని, దాని క్రింది రాతిని, దాని దిగువనున్న పొరుగువానిని తలచుకొన్నచో ఇంత కాలము పట్టియుండెడిది కాదు.